ఆషాఢంలో రెండు ఐసు దిమ్మలు

పోయిన గురువారం మిట్టమధ్యాహ్నం నేను ఒక ఐసు దిమ్మ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ సంగతి ఇప్పటికే మీ చెవిన పడి ఉంటుంది, శ్రీకాకుళం ఎంతని. కానీ ఊళ్ళో ఇది రకరకాలుగా తిరుగుతోంది. నాకు మతి చలించిందని కొందరు, ఎవరో అమ్మాయి కాదందని కొందరు. అందుకని టీ చల్లారినా సరే, ఏడ్చినవాడి నోటి నుంచే వినండి.

నేను కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్ని కదా. అంటే కప్పల్ని కోసే పిల్లల వెనక నిలబడి కత్తెరలు పోకుండా చూసుకునేవాణ్ణి. మూడేళ్ళుగా అదే పని. ఇలా ఉండగా విశాఖపట్నం నుంచి ఒక ప్రొఫెసరు గారు మా సైన్సు అసోసియేషన్ ప్రారంభానికి వస్తున్నారని తెలిసింది. సముద్రపు నీళ్ళలో ఉండే పోషక లవణాల మీద ఆయన పెద్ద పేరున్న మనిషి. ఆయన దగ్గర పరిశోధనకి ఒకే ఒక్కడికి చోటుందట. ఆ ఒక్కడూ నేనే కావాలి. మళ్ళీ కత్తెరల దగ్గరికి పోకూడదు. ప్రిన్సిపాల్ గారి చుట్టూ వారం రోజులు తిరిగి, ప్రొఫెసరు గారి ముందు అరగంట మాట్లాడే అవకాశం సంపాదించాను.

ఏం మాట్లాడాలి? కప్ప గురించి మాట్లాడితే ఆవలిస్తారు. లైబ్రరీలో ఒక పాత ఫారిన్ పత్రికలో చదివిన సంగతి ఒకటి నా బుర్రలోంచి కదలడం లేదు. ధ్రువాల దగ్గర చలికాలమంతా చీకటే. తీరం పొడుగునా సముద్రం మీద మంచు గట్టిగా కట్టేస్తుంది. పైనుంచి చూస్తే అక్కడ ప్రాణమనేది ఉందని ఎవరూ అనుకోరు. కానీ ఆ మంచు అడుగున కంటికి ఆనని నాచు అంటుకుని ఉంటుంది. ఎండ పొడ తగలగానే అది పెరిగి, మంచు అడుగంతా గోధుమ రంగుకి తిరుగుతుంది. దాన్ని చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. అవన్నీ చచ్చి అడుక్కి చేరి కుళ్ళితే, ఆ సారం మళ్ళీ నీళ్ళలో కలిసి నాచుకే తిండవుతుంది. పైకి అంతా చచ్చినట్టుంటుంది, కింద మాత్రం నిక్షేపంగా కాపురాలు సాగుతుంటాయి. ఎంత బాగుంది చెప్పండి.

నోటితో చెబితే ఎవరైనా చెబుతారు, నేను చూపించాలనుకున్నాను. అక్కడే మొదలైంది నా తెలివి.

కళింగపట్నం నుంచి రెండు డబ్బాల సముద్రపు నీళ్ళు తెచ్చాను. నౌపడ వెళ్ళి ఉప్పు మళ్ళ పక్క కాలవల్లో మోకాళ్ళ దాకా దిగి, గోధుమ రంగు నాచూ, గోరంత రొయ్యపిల్లలూ గాజు జాడీలో పట్టుకొచ్చాను. తర్వాత డబ్బాలు మోసుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అక్కడి మేస్త్రీ డబ్బాలో వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"సేపల కోసం ఐసు అడిగినోళ్ళని సూసేను గానీ, సేపలుండే నీళ్ళనే ఐసు సెయ్యమన్నోడ్ని మిమ్మల్నే సూత్తన్నాను సారూ. ఇది గడ్డ కట్టదు."

"కడుతుంది, కాస్త ఎక్కువసేపు ఉంచాలి, అంతే."

రెండు రోజులు ఉంచాడు. కట్టింది. పాలపొడి కలిపినట్టు తెల్లగా, లోపల సన్నటి గీతలతో ఎంత అందంగా వచ్చిందో. పక్కన పెట్టి తేడా చూపించడానికి మామూలు నీళ్ళ దిమ్మ కూడా ఒకటి తీసుకున్నాను. ఫ్యాక్టరీలో దిమ్మలు పొద్దున్నే ఇచ్చేస్తారు. నా లెక్చరు నాలుగింటికి. అప్పటిదాకా దాచడం ఎక్కడ? మా లాబ్ పైకప్పు రేకులు, అక్కడ మనుషులే కరిగిపోతారు. అందుకని మా సింహాచలం మావ కొట్టు గుర్తొచ్చింది.

సింహాచలం మావ మా అమ్మ తమ్ముడు, ఆరడుగుల మనిషి. గోనె సంచుల వ్యాపారం. ముందు గది కొట్టు, వెనక ఇల్లు, మేడ మీద గదిలో నేను. నాన్న పోయిన దగ్గర్నుంచి నన్ను చదివించిందీ, తిండి పెట్టిందీ, తిట్టిందీ ఆయనే. ఆ కొట్టు గోడలు మూరెడు మందం. తలుపులు మూస్తే పగలే చీకటి, బావిలో దిగినంత చల్లన. మావ ఆ రోజు తెల్లవారుజామునే సంచుల పని మీద బస్సెక్కి నెల్లిమర్ల వెళ్ళాడు, కాబట్టి కొట్టు ఎలాగూ మూతే. పైడమ్మ అత్త ఏడింటికే సంతకి వెళ్ళింది. ఇల్లంతా నాదే.

దిమ్మలు తెచ్చింది రిక్షా గురువులు. దారిలో వాడు వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు.

"రెండు దిమ్మలు సరిపోతాయేటి బాబూ?"

"సరిపోతాయి."

"పొడుగు మనిసి గదా మరి."

వాడు నా గురించే అంటున్నాడనుకున్నాను. "పొడుగుకీ దీనికీ సంబంధం ఏమిటోయ్?"

వాడు నిట్టూర్చాడు. "పోన్లెండి బాబూ. మీరు దయిర్నంగా ఉండాల. మీరే ఇదయిపోతే ఎలగ?"

నా లెక్చరు సంగతి రిక్షావాళ్ళ దాకా పాకిందే అని సంబరపడ్డాను నేను. దింపాక వాడు కిరాయి కూడా అడక్కుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోతే, సైన్సు మీద ఎంత గౌరవం అనుకున్నాను.

ఇక నా ఏర్పాట్లు వినండి. పొడుగు బల్ల ఒకటి లాగి, దాని మీద గోనె సంచులు పరిచి, ఊక పోసి, రెండు దిమ్మల్నీ ఒకదాని కొసకి ఒకటి ఆనించి పడుకోబెట్టాను. సముద్రపు దిమ్మ అడుగున నౌపడ నాచు మెత్తాను. ధ్రువాల దగ్గర మంచు మీద మళ్ళీ మెత్తటి హిమం పడి వెలుతురుని ఆపుతుందని చదివాను కదా, అందుకని మావ ఉతికిన తెల్ల పంచె తెచ్చి పైనుంచి కిందిదాకా కప్పాను. ఐసులోంచి వెలుతురు ఎంత దూరం పోతుందో చూద్దామని ఒక కొసన దీపం వెలిగించి పెట్టాను. చూశాను. నోట్సులో రాసుకున్నాను. దీపం ఆర్పడం మర్చిపోయాను. రొయ్యపిల్లల్ని భద్రపరచడానికి తెచ్చిన ఫార్మలిన్ సీసా మూత కూడా సరిగ్గా బిగించినట్టు లేదు, గదంతా ఆస్పత్రి వాసన. తలుపు దగ్గరికి వేసి, ప్రొఫెసరు గారికి ఎదురెళ్ళడానికి ఆమదాలవలస స్టేషనుకి పోయాను.

ఇక్కడ మీకు తెలిసిన మాటే ఒకటి చెప్పాలి. మన ఊళ్ళో నిలువెత్తు ఐసు దిమ్మలు ఇంటికి వచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి పెళ్ళి, షర్బత్తు కోసం. రెండోది, ఇంట్లో ఎవరైనా పోయి, దూరపు చుట్టాలు వచ్చేదాకా ఉంచాల్సి వస్తే. ఇప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు.

ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. ఎమ్మెస్సీలో చెప్పలేదు.

రైలు వేళకే వచ్చింది. ప్రొఫెసరు గారు సన్నగా, మోచేతి దాకా మడిచిన తెల్ల చొక్కాలో, చేతిసంచితో దిగారు. బస్సులో వస్తూ ఆయనకి నా ఐసు సంగతి ఊరించి ఊరించి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"సీ వాటర్‌ని నిజంగానే గడ్డ కట్టించావా? కాలేజీకి తర్వాత వెళ్దాంగాని, ముందు అది చూపించవయ్యా."

నా గుండె ఉప్పొంగిపోయింది. సగం సీటు వచ్చేసినట్టే. ఇద్దరం రిక్షా ఎక్కి మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు యాభైమంది జనం. అరుగు మీద మగవాళ్ళు కండువాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. లోపల్నుంచి అత్త గొంతు, రాగం తీసి ఏడుస్తోంది. సందులో ఇద్దరు పచ్చి వెదుళ్ళు కొడుతున్నారు.

పచ్చి వెదుళ్ళు చూడగానే ఆగీ ఆగని రిక్షాలోంచి దూకేశాను. అరుగు మీంచి అప్పన్న బావ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. అప్పన్న బావ మా పెదనాన్న అల్లుడు, పొందూరు పక్క వ్యవసాయం, ఏ పని మీదో ముందురోజే ఊళ్ళోకొచ్చి ఉండి కబురు విన్నాడట.

"ఎల్లిపోనాడ్రా సత్యం, మావ ఎల్లిపోనాడు. నిన్న సాయంత్రం నాతో సుట్ట కాల్సినాడు."

"నెల్లిమర్లలోనా?" అన్నాను.

"ఎక్కడో ఏటో, అత్తకీ తెల్దు. సంతకెల్లి వచ్చీసరికి తెచ్చి పడుకోబెట్టీసి ఉన్నాడట. గుడ్డ తీసి మొకం సూసీ గుండె ఎవలికీ లేదురా."

చూడండి, ఆ మాటతోనైనా నాకు తట్టాలి. పడుకోబెట్టింది ఎవరు? నేను. దీపం పెట్టింది ఎవరు? నేను. అయినా ఏమీ తట్టలేదు. మావ తెల్లవారుజామున బస్సెక్కే ముందు మేడ మెట్ల దగ్గర నిలబడి, "బాగా సెప్పరా గుంటడా, తడబడక" అన్నమాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది. నేను లేచి వినలేదు కూడా, దుప్పటిలోంచి ఊఁ అన్నాను. జనాన్ని తోసుకుంటూ కొట్టు గదిలోకి పరుగెత్తాను. చీకటి. తల దగ్గర దీపం. నిలువునా తెల్లటి పంచె, దాని మీద బంతిపూల దండ. ఆ పంచె అంచు నాకు తెలుసు, అది మావదే. మీద పడిపోయాను.

"మావా, ఎంత చల్లబడిపోయావు మావా" అని నేను ఏడుస్తుంటే వెనక ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ప్రొఫెసరు గారు లోపలికొచ్చి, చెప్పులు విప్పి, నా వీపు మీద చెయ్యి వేసి, "ధైర్యం, ధైర్యం" అంటున్నారు. నా చొక్కా ముందు భాగం తడిసిపోయింది. చెంపకి ఏదో గుచ్చుకుంది, తుడుచుకుంటే ఊక. ఊక ఎందుకుందని ఏడుస్తూనే ఆలోచించాను. అప్పుడు ముక్కుకి తగిలింది, నౌపడ కాలవ బురద వాసన.

మావకి నౌపడ వాసన ఎందుకొస్తుంది?

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నా ఐసు. నా పంచె, అంటే మావ పంచె. నా దీపం. మావ నెల్లిమర్లలో గోనె సంచులు లెక్కేసుకుంటూ నవనవలాడుతూ ఉండి ఉంటాడు. ఆ క్షణంలో కలిగిన ఆనందం నాకు డిగ్రీ వచ్చిన రోజున కూడా కలగలేదు. కానీ వెనక యాభైమంది ఉన్నారు. ప్రొఫెసరు గారి చెయ్యి నా వీపు మీదే ఉంది. ఇప్పుడు లేచి ఏమని చెప్పను? నిజం చెబుతున్నా, సంగతి తెలిశాక కూడా ఇంకో రెండు నిమిషాలు ఏడ్చాను, ఎలా ఆపాలో తెలియక. ఆ ఏడుపులో లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చేసింది. ఎంత బిగపట్టినా ఆగలేదు.

"కుర్రోడికి మతి పోనాది, నీళ్ళు తెండి" అన్నాడు అప్పన్న బావ.

సరిగ్గా అప్పుడే వీధిలో కలకలం. నెల్లిమర్లలో సంచుల లోడు మర్నాటికి వాయిదా పడి, మావ మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశాడు. వీధి మొదట్లో గురువులు మావని చూసి రిక్షా వదిలేసి పారిపోయాడట. ఆ పారిపోవడం చూసి, ఇంటి ముందు జనాన్ని చూసి, వెదుళ్ళు చూసి, మావ అత్తే పోయిందనుకున్నాడు. "పైడీ, ఓ పైడీ" అని గుండెలు బాదుకుంటూ గదిలోకి దూసుకొచ్చి, నా పక్కనే ఐసు మీద పడ్డాడు. "నన్నొగ్గీసి ఎల్లిపోనావేటే" అని మొదలెట్టాడు.

ఏడ్చేవాళ్ళందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి గానీ శబ్దం లేదు. పెరట్లోంచి అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు విరబోసుకుని, కళ్ళు ఉబ్బిపోయి ఉంది. ఐసు మీద పడి తన పేరే పెట్టి ఏడుస్తున్న మొగుణ్ణి ఒక నిమిషం పాటు చూసింది.

"ఇంతసేపూ ఎక్కడ సచ్చేవు?" అంది.

మావ తల తిప్పి చూశాడు. ఆవిణ్ణి చూశాడు, పంచెని చూశాడు, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. "నువ్వు గాదా ఇక్కడ?" అన్నాడు. అత్త వెళ్ళి అంతమందిలోనూ ఆయన రెండు చెంపలూ తడిమి, వెచ్చగా ఉన్నాడని తేల్చుకున్నాక కూలబడి ఏడ్చింది. మావ కూడా ఏడ్చాడు. నేనూ మళ్ళీ ఏడ్చాను, ఈసారి హాయిగా.

తర్వాత అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. వేరే దారి లేక పంచె కొస పట్టుకుని లాగాను. దండతో సహా జారి కింద పడింది. కింద రెండు ఐసు దిమ్మలు.

అప్పన్న బావ దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఇంతసేపూ తనే కాళ్ళనుకుని దణ్ణం పెట్టిన కొస నుంచి చిన్న పెళ్ళ విరిచి నోట్లో వేసుకుని ముఖం చిట్లించాడు. "ఉప్పగా ఉన్నాదేట్రా? మా అందరి కన్నీళ్ళూ పడిపోనట్టున్నాయి."

ఆ మాటకి ముందు నవ్వింది ప్రొఫెసరు గారు. ఇంతసేపూ మూల నిలబడి ఉన్న ఆయన పెద్దపెద్ద అంగలేసుకుంటూ వచ్చి, తనూ ఒక పెళ్ళ నోట్లో వేసుకుని చప్పరించారు. "కన్నీళ్ళు కాదండీ. నీళ్ళు గడ్డ కట్టేటప్పుడు ఉప్పుని బయటికి నెట్టేస్తాయి. నెట్టేసినదంతా పోదు, ఇదిగో ఈ సన్నటి గీతల్లో ఇరుక్కుంటుంది. ఆ ఇరుకుల్లోనే జీవాలు కాపురముంటాయి." నా వైపు తిరిగారు. "ఏమయ్యా, లెక్చరు ఇక్కడే ఇచ్చెయ్. నాలుగింటిదాకా ఇది ఆగేలా లేదు. పైగా ఇంత శ్రద్ధగా వచ్చిన ఆడియెన్సు నీకు కాలేజీలో దొరకరు."

అలా నా జీవితంలో మొదటి లెక్చరు పరామర్శకొచ్చినవాళ్ళకి ఇచ్చాను. దిమ్మని ఓరగా ఎత్తి అడుగున అంటిన నాచు చూపించాను. జాడీలో రొయ్యపిల్లలు చూపించాను. దీపం పట్టుకుని, ఐసులోంచి వెలుతురు కిందికి ఎలా దిగుతుందో చూపించాను. నేను తడబడ్డానో లేదో మావని అడగండి, ఆయన తడి పంచె భుజాన వేసుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. చచ్చినవి అడుక్కి పోయి మళ్ళీ తిండి కావడం దగ్గరికొచ్చేసరికి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు అంటూ నేను కొట్టుకుపోతుంటే అప్పన్న బావ చెయ్యెత్తాడు.

"ఒరే, అంటే పెంటేగదా. గడ్డి పశువు తింటాది, పశువు పేడేస్తాది, పేడ మడికి తోల్తాం, మడిలో మళ్ళీ గడ్డి లెగుస్తాది. ఆ సలి దేశంలో తోలీవోడు లేడు గనక సముద్రమే తోలుకుంటన్నాది. అంతే గదేటి?"

ప్రొఫెసరు గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. నా మాట ఒక్కటి కూడా రాసుకోలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు స్నానం చేసి ఇళ్ళకి వెళ్ళాలా, అక్కర్లేదా అని పెద్ద చర్చ నడిచింది. పోయినవాడు లేకపోతే మైల ఎక్కడిదని చివరికి తేల్చారు. వెదుళ్ళు కొట్టినవాళ్ళు వాటిని అత్తకి బీరపాదు పందిరికి ఇచ్చేశారు. మంచినీళ్ళ దిమ్మని అత్త కొట్టి, నిమ్మకాయలు పిండి, యాభైమందికీ షర్బత్తు పోసింది. ఆషాఢంలో అంత మంచి షర్బత్తు ఊళ్ళో ఎవరూ తాగి ఉండరు. గురువులు సాయంత్రానికి తేరుకుని వచ్చి, మావ నీడ నేల మీద పడుతోందో లేదో చూసుకుని మరీ గ్లాసు అందుకున్నాడు.

అయితే ఇక్కడ నా పంచప్రాణాలూ ప్రొఫెసరు గారి మీదే ఉన్నాయి. ఆయన షర్బత్తు తాగి, గ్లాసు కింద పెట్టి, నన్ను అరుగు మీదికి పిలిచారు. పక్కన మావ కూడా ఉన్నాడు.

"ఐసు తెచ్చింది ఎవరు?"

"నేనే సార్."

"గుడ్డ కప్పింది?"

"నేనే సార్."

"దీపం పెట్టింది?"

"అదీ నేనే సార్."

"మరి దాని మీద పడి ఏడ్చింది?"

మావ నా తరఫున, "ఈడేనండి" అన్నాడు.

ప్రొఫెసరు గారు చేతిసంచి దగ్గరికి లాక్కున్నారు. ఇక కత్తెరలే గతి అనుకున్నాను.

"సముద్రపు నీళ్ళని గడ్డ కట్టించడానికి ఇంత తాపత్రయపడినవాణ్ణి ఈ జిల్లాల్లో నేను చూడలేదు. మోకాలి లోతు బురదలో దిగి శాంపిల్సు తెచ్చేవాళ్ళు కూడా అరుదే. సోమవారం వచ్చి జాయినవ్వు" అన్నారు. నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతుంటే ఆపి, లేచి చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నారు.

"శాంపిల్సు నువ్వు తేవాలి. కంక్లూజన్లు మాత్రం నేను రాస్తాను."